స్పానిష్‌లో గిరాకీ పెరగాలంటే: ఎనిమిది తలకిందుల సలహాలు

టెక్సస్‌లో కొట్టు తెరిచిన తెలుగువాళ్ళకు స్పానిష్ గురించి సలహా చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు. తలుపు మీద బోర్డు పెట్టమంటారు. కరపత్రాలు స్పానిష్‌లో వేయించమంటారు. ఫోనులో అనువాదం యాప్ ఎక్కించుకోమంటారు. మే నెల వస్తే రంగు తోరణాలు కట్టమంటారు. చెప్పేవాళ్ళ ఉద్దేశం మంచిదే, ఆశ కూడా నిజమైనదే. 2020 జనాభా లెక్కల్లో టెక్సస్‌లో 2 కోట్ల 91 లక్షల మంది ఉంటే, వాళ్ళలో 1 కోటీ 14 లక్షల మంది హిస్పానిక్ కుటుంబాలవాళ్ళు. ఇర్వింగ్‌లో కిరాణా కొట్టు నడిపినా, ప్లేనోలో పళ్ళ క్లినిక్ పెట్టినా, హ్యూస్టన్‌లో గ్యాస్ స్టేషన్ కొన్నా వాళ్ళను వదులుకుని వ్యాపారం పెంచుకోవడం జరిగే పని కాదు.

అయినా ఆ సలహాలన్నీ కొత్త మనిషిని ఒకసారి లోపలికి రప్పించడానికే పనికొస్తాయి. వచ్చినవాడు రెండోసారి రావాలంటే చేయాల్సిన పనులు వేరు. వాటిని విన్నవాళ్ళు ముందు 'ఇదేం సలహా' అంటారు. నేను మాత్రం ప్రతి ఒక్కటీ నమ్మి చెబుతున్నాను. మన ఊళ్ళో బ్యాంకు కౌంటరు దగ్గర, తెలుగు రాని ఉద్యోగి ముందు పాసుపుస్తకం పట్టుకుని నిలబడ్డ రైతును చూసినవాళ్ళకు ఇందులో ఏ సలహా ఎందుకు చెప్పానో విడమరిచి చెప్పక్కర్లేదు.

1. బోర్డు పెట్టకండి

'ఇక్కడ స్పానిష్ మాట్లాడతాం' అని రాసి పెట్టామంటే మాట ఇచ్చినట్టే. ఆ బోర్డు చూసిన మనిషి, ఇంగ్లీషులో చెప్పుకుందామని కూడబలుక్కున్న నాలుగు ముక్కలూ పక్కన పెట్టి, ధైర్యంగా తన భాషలో మొదలుపెడతాడు. కౌంటరులో కుర్రాడు అటూ ఇటూ చూసి, చెయ్యి చూపించి లోపలికి పోతే ఆ మనిషికి నలుగురిలో చిన్నతనం. బోర్డు లేకపోతే ఆ చిన్నతనం లేదు.

ముందు ఒక కాగితం తీసుకుని వారం మొత్తంలో ఏ రోజు, ఏ వేళ స్పానిష్ వచ్చినవాళ్ళు పనిలో ఉంటారో గళ్ళు గీసి నింపండి. రోజువారీ పనులకు వెళ్ళేవాళ్ళు బజారుకు వచ్చేది సాయంత్రాలూ శని, ఆదివారాలూ. సరిగ్గా ఆ గళ్ళే ఖాళీగా కనిపిస్తే బోర్డుకు ఇంకా వేళ కాలేదన్నమాట. ఈలోగా 'మంగళ, శనివారాల్లో 2 నుంచి 7 దాకా స్పానిష్‌లో మాట్లాడొచ్చు' అని చిన్న కాగితం అంటించండి. చిన్న మాటే, కానీ నిలబెట్టుకోగలిగిన మాట.

ఆ తర్వాత స్పానిష్ మాట్లాడే స్నేహితుడెవరినైనా మూడు పనులు చేయమనండి. రద్దీ వేళలో ఫోను చేయాలి. కొన్న వస్తువు రసీదు లేకుండా వెనక్కి తేవాలి. బిల్లులో తేడా ఉందని అడగాలి. మూడూ మొదటి నుంచి చివరిదాకా స్పానిష్‌లోనే పూర్తయితే అప్పుడు బోర్డు రాయించండి. ఫోనులో 'స్పానిష్ కోసం రెండు నొక్కండి' అనిపించి, నొక్కాక ఇంగ్లీషు వాయిస్‌మెయిల్‌కు తోసేసే ఏర్పాటు ఉంటే ఈరోజే తీసేయండి.

2. అమ్మకాలకు ముందు ఫిర్యాదులకు స్పానిష్ నేర్పండి

స్పానిష్ వచ్చిన ఒకే ఒక్క మనిషి దొరికితే ఎవరైనా ఆమెను అమ్మకాల దగ్గర కూర్చోబెడతారు. మీరు ఆమెను తేడాలు సర్దే చోట కూర్చోబెట్టండి. కొనేటప్పుడు భాష అంతగా అడ్డురాదు. వస్తువు కళ్ళ ముందుంటుంది, ధర దాని మీదే ఉంటుంది, వేలు చూపిస్తే సరిపోతుంది. తెచ్చిన ఫ్రిజ్ మూడో రోజే ఆగిపోతే మాత్రం వేలు చూపించి ఏమీ చెప్పలేం. ఎప్పుడు కొన్నాం, ఎవరు ఏమన్నారు, ఏం జరిగింది, ఇప్పుడేం కావాలి, అన్నీ వరసగా చెప్పాలి. మనిషికి తన భాష అవసరమయ్యేది అక్కడ.

అమెరికా చట్టాలు కూడా ఈ దిక్కుగానే చూస్తాయి. ఇంటికి వచ్చి 25 డాలర్లు, అంతకు పైబడిన సరుకు అమ్మితే, కొన్నవాళ్ళు మూడు పనిదినాల్లో రద్దు చేసుకునేలా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఉంది. అమ్మేటప్పుడు మాట్లాడింది స్పానిష్‌లో అయితే ఒప్పందమూ, రద్దు చేసుకోవచ్చని చెప్పే నోటీసూ స్పానిష్‌లోనే ఇవ్వాలి. పాత కారును స్పానిష్‌లో మాట్లాడి అమ్మే డీలరు కిటికీకి అంటించే బయ్యర్స్ గైడ్ అనే వివరాల కాగితాన్ని స్పానిష్‌లో కూడా పెట్టాలి. కాలిఫోర్నియాలో 1970ల నుంచే చట్టం ఉంది. అప్పులు, ఇంటి అద్దెలు వంటి కొన్ని రకాల ఒప్పందాలను ప్రధానంగా స్పానిష్‌లో బేరమాడి కుదిర్చితే, సంతకానికి ముందే ఆ పత్రం అనువాదం చేతికివ్వాలి. ఆ తర్వాత చైనీస్, తగలోగ్, వియత్నామీస్, కొరియన్ భాషలు కూడా అందులో చేరాయి. నోటితో ఒక భాషలో ఒప్పించి, చేతికి ఇంకో భాషలో కాగితం ఇవ్వకూడదన్నది వీటన్నిటి సారం.

లాస్ ఏంజెలెస్‌లో కురసావో అనే పెద్ద దుకాణం స్పానిష్ మాట్లాడే వలసవాళ్ళనే నమ్ముకుని ఎదిగింది. అప్పు చరిత్ర లేనివాళ్ళకు వాయిదాల మీద సామాను ఇచ్చింది, వాళ్ళ భాషలో మాట్లాడింది. 2017లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ దాని మీదే దావా వేశారు. కొన్నవాళ్ళకు తెలియకుండా అదనపు వారంటీల వంటివి బిల్లులో కలిపారన్నది ఆ ఆరోపణల్లో ఒకటి. భాష కలిసినంత మాత్రాన నమ్మకం నిలవదు. స్పానిష్‌లో అమ్మడం నేర్చిన కొట్టు బిల్లు వివరించడమూ, తప్పు దిద్దడమూ స్పానిష్‌లో నేర్వాలి.

అందుకే ఆ ఉద్యోగికి భాషతో పాటు అధికారం ఇవ్వండి. వంద డాలర్ల లోపు రీఫండ్ ఎవరినీ అడగకుండా ఇవ్వనివ్వండి. ప్రతిదానికీ "మేనేజరును అడిగి చెబుతాను" అనే మనిషి ఎంత చక్కటి స్పానిష్ మాట్లాడినా కస్టమర్‌కు ఒరిగేది ఏమీ లేదు.

3. అందరితో స్పానిష్ మాట్లాడకండి

మొహం చూసి, పేరు చూసి భాష ఎంచవద్దు. సెన్సస్ బ్యూరో 2019 లెక్కల ప్రకారం ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు అమెరికాలో 4 కోట్ల పైచిలుకు. వాళ్ళలో పదికి ఆరుగురు ఇంగ్లీషు చాలా బాగా మాట్లాడతామన్నవాళ్ళే. 1845లో టెక్సస్ అమెరికాలో కలవక ముందు నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబాలున్నాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా టెక్సస్ బడుల్లో స్పానిష్ మాట్లాడిన పిల్లల్ని దండించేవాళ్ళు. ఆ దెబ్బలు తిన్న తరం తమ పిల్లలకు ఆ భాష నేర్పడానికి జంకింది. అలాంటి ఇంటి మనిషి కౌంటరు దగ్గరికి రాగానే మీరు స్పానిష్ అందుకుంటే, 'నువ్వు ఈ దేశపు మనిషివి కాదు' అన్నట్టు వినిపిస్తుంది.

ఇంకో వైపూ చూడండి. గ్వాటెమాలా కొండప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళలో కిచె, మామ్ లాంటి మాయా భాషలు మాట్లాడేవాళ్ళున్నారు. స్పానిష్ వాళ్ళకూ నేర్చుకున్న భాషే. గడగడా మాట్లాడితే వాళ్ళకూ అందదు.

చేయాల్సింది సులువు. రెండు భాషల్లోనూ నమస్కారం చెప్పి ఆగండి. అవతలివాళ్ళు ఏ భాష అందుకుంటే మీరూ దాన్నే అందుకోండి. ఖాతా తెరిచేటప్పుడు 'మీకు ఏ భాషలో మాట్లాడితే సౌకర్యం' అని అడిగి రాసుకోండి. మళ్ళీ వచ్చినప్పుడు అడిగించుకునే పని వాళ్ళకు పెట్టకండి. మనలాగే వాళ్ళకూ మీరు, నువ్వు తేడా ఉంది. కౌంటరులో ఎవరితోనైనా గౌరవ రూపమే వాడమని సిబ్బందికి చెప్పండి. పెద్దవాళ్ళను ఏకవచనంతో పిలిచి ఎంత తగ్గింపు ధర ఇచ్చినా నిష్ఫలం.

4. ఉచితంగా దొరికే స్పానిష్‌ను వద్దనండి

మన రెస్టారెంట్ల వంటిళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు, కూరలు తరిగేవాళ్ళు చాలాచోట్ల స్పానిష్ మాట్లాడేవాళ్ళే. ముందు హాల్లో ఏదైనా తేడా వస్తే వాళ్ళలో ఒకరిని తడి చేతులతో పిలుచుకొస్తారు. ఆ అయిదు నిమిషాల పనికి జీతం లేదు, వెనక ఆగిపోయిన పనికి మాట మాత్రం పడుతుంది. ఈ అలవాటు మానండి. రెండు భాషల్లో పనిచేసే మనిషికి గంటకు అదనంగా ఇవ్వండి, ఆ పనిని ఉద్యోగ వివరాల్లో రాయండి. అదనపు జీతం ఇచ్చేదాకా అది మీరు అందించే సేవ అనిపించుకోదు, ఆ పనివాడి మంచితనం మాత్రమే.

కౌంటరులో స్పానిష్ కావాలి గానీ భోజన విరామంలో వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోకూడదనే యజమానులున్నారు. ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడాలనే నిబంధనను, 1964 పౌరహక్కుల చట్టం కింద అమెరికా సమాన ఉద్యోగావకాశాల కమిషన్ తప్పుగానే చూస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఒక మనిషి భాషను లాభానికి వాడుకుంటూ అదే భాష వినపడితే చిరాకుపడటం అన్యాయం.

ఉచిత స్పానిష్‌లో అన్నిటికన్నా చెడ్డది పిల్లల చేత చెప్పించడం. అమ్మకు పంటి నొప్పి ఎంత, మందు పడుతుందా లేదా అన్నవి పదేళ్ళ పాప నోట చెప్పించకూడదు. ప్రభుత్వ సొమ్ము అందుకునే వైద్య సంస్థలు అత్యవసర పరిస్థితిలో తప్ప పిల్లల్ని దుబాసీలుగా వాడకూడదని అఫర్డబుల్ కేర్ చట్టంలోని 1557 సెక్షన్ కింది నిబంధనలు చెబుతాయి. మెడికెయిడ్ రోగుల్ని చూసే మన డాక్టర్లూ, పళ్ళ క్లినిక్కులవాళ్ళూ ఇది గోడ మీద రాసిపెట్టుకోవాలి.

మనిషి దొరక్కపోతే ఫోనులో దుబాసీని పెట్టుకోండి. 1982లో సాన్ హోసేలో ఒక పోలీసు అధికారి మరొకరితో కలిసి, వియత్నాం నుంచి వచ్చినవాళ్ళకు సాయంగా మొదలుపెట్టిన ఏర్పాటే పెరిగి లాంగ్వేజ్‌లైన్ అనే సంస్థ అయింది. అలాంటి సేవలు ఇప్పుడు చాలా ఉన్నాయి, నిమిషాల లెక్కన తీసుకుంటాయి. నెలకు పది పెద్ద సంభాషణలే ఉండే చిన్న కొట్టుకు అదే చవక.

5. వ్యాకరణం వదిలేయండి, అంకెలూ పేర్లూ పట్టుకోండి

ఆరు నెలల స్పానిష్ కోర్సులో చేరిన యజమానులు మూడో వారానికి క్రియాపదాల పట్టికల దగ్గర ఆగిపోతారు. మీరు క్రియల జోలికి పోకండి. ఒకటి నుంచి వెయ్యి దాకా అంకెలు, వారాలు, నెలలు, వేళ చెప్పడం, ఇంతే నేర్చుకోండి. తెలుగు నోటికి ఈ భాష దగ్గరగానే ఉంటుంది. స్పానిష్‌లో అచ్చులు అయిదే. త, ద మనలాగే పళ్ళ దగ్గర పలుకుతారు. ప, క ఊపిరి వత్తకుండా పలుకుతారు. 

గొడవలు ఎక్కువగా అంకెల దగ్గరే పుడతాయి. సెసెంతా అంటే అరవై, సెతెంతా అంటే డెబ్బై. మధ్యలో ఒక్క హల్లు జారితే పది డాలర్ల తగువు. అందుకని నోటితో చెప్పి, కాగితం మీద రాసి కూడా చూపించండి. కొలంబియా, అర్జెంటీనాలవాళ్ళు వేలకు చుక్క, పైసలకు కామా పెడతారు. మెక్సికోవాళ్ళు అమెరికా పద్ధతిలోనే రాస్తారు. లాటిన్ అమెరికాలో మనలాగే ముందు తేదీ, తర్వాత నెల. 05/06 అని అపాయింట్‌మెంట్ కార్డు మీద రాస్తే సగం మంది ఒక నెల తేడాతో వస్తారు. నెల పేరు అక్షరాల్లో రాయండి.

పేర్ల దగ్గర మనకు తెలిసిన బాధే ఉంది. ఇంటిపేరు ముందుండే మన పేర్లు అమెరికా ఫారాల్లో ఎన్ని తిప్పలు పడ్డాయో ఇంటింటికీ ఒక కథ. స్పానిష్ పేర్లలో మామూలుగా రెండు ఇంటిపేర్లుంటాయి. ముందుది తండ్రిది, తర్వాతిది తల్లిది. గార్సియా లోపెస్ అని ఉంటే ఫైలు గార్సియా కింద పెట్టాలి. లోపెస్ కింద పెడితే మళ్ళీ దొరకదు, ఒకే మనిషికి రెండు ఖాతాలు పుడతాయి. మెక్సికోలో పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. భార్య పేరు వేరుగా ఉందని మందుల షాపులో అనుమానంగా అడిగారంటే ఆ కుటుంబం వేరే షాపు చూసుకుంటుంది. n మీద అలగీత ఉండే ఎన్యే అక్షరం మీ కంప్యూటరులో పడుతుందో లేదో ఇవాళే చూసుకోండి.

6. అనువాదం తగ్గించండి

నలభై పేజీల వెబ్‌సైటును ఒక్క నొక్కుతో స్పానిష్‌లోకి మార్చి ఊరుకోవడం కన్నా, అయిదు కాగితాలు మనిషి చేత సరిగ్గా రాయించడం మేలు. ధరల పట్టిక. వాపసు నియమాలు. అపాయింట్‌మెంట్ కార్డు. బిల్లు వివరణ. తేడా వస్తే ఎవరికి చెప్పాలో తెలిపే కాగితం. మీ వ్యాపారంలో తగాదాలకు దారితీసేవి ఈ అయిదే.

అనువాదకుడికి ఇచ్చే ముందు ఇంగ్లీషు కాగితాన్ని మీరే ఒకసారి చదవండి. లాయరు రాసిన ఏడు వరసల వాక్యం మీకే అర్థం కాకపోతే స్పానిష్‌లో ఎవరికి అర్థమవుతుంది? ముందు దాన్ని విరిచి చిన్న వాక్యాలు చేయండి. దీనివల్ల ఇంగ్లీషు కస్టమర్లకూ మేలే. అనువాదం వచ్చాక సంబంధం లేని స్పానిష్ మనిషికి చదవనిచ్చి, "నీకు ఏం అర్థమైంది" అని అడగండి. చెప్పింది మీ నియమంతో సరిపోలితేనే అచ్చుకు పంపండి. ప్రభుత్వ సొమ్ము అందుకునే వైద్య సంస్థల్లో అయితే సరిచూడటం ఐచ్ఛికం కాదు. ముఖ్యమైన పత్రాన్ని యంత్రం అనువదిస్తే అర్హతగల మనిషి సరిచూడాలని 1557 సెక్షన్ కింది 2024 నిబంధన.

7. పండగ తోరణాలు విప్పేయండి

మే 5న ఎర్రా పచ్చా తోరణాలు కట్టి 'మీ స్వాతంత్ర్య దినం శుభాకాంక్షలు' అనే కొట్లను చూస్తే బాధేస్తుంది. ఆ రోజు 1862లో ప్యూబ్లా దగ్గర మెక్సికో సైన్యం ఫ్రెంచివాళ్ళను ఓడించిన రోజు. మెక్సికో స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్‌లకు సెప్టెంబరు 15. ఇక ఎల్ సాల్వడార్ మనిషికి మెక్సికో పండగ శుభాకాంక్షలు చెప్పడం, తెలుగువాడికి పొంగల్ శుభాకాంక్షలు తమిళంలో చెప్పినట్టే.

తోరణాల డబ్బుతో పనికొచ్చే పని చేయండి. మెక్సికోలో అమ్మల పండగ ఏటా మే 10నే. అమెరికాలో అది మే రెండో ఆదివారం. పూల కొట్టు, రెస్టారెంటు నడిపేవాళ్ళు ఈ రెండు రోజులకూ సిద్ధంగా ఉండాలి. ఆడపిల్లకు పదిహేనో ఏడు రాగానే చేసే కిన్సియన్యేరా చాలా కుటుంబాల్లో పెళ్ళంత వేడుక. ఓణీల ఫంక్షన్లకు హాలు అద్దెకిచ్చే మనవాళ్ళకు ఇది సహజంగా అందే గిరాకీ. అయితే అక్కడ ఖర్చు ఒక్కరే పెట్టుకోరు. కేకు ఒకరు, గౌను ఒకరు, హాలు ఒకరు చొప్పున పద్రీనోలు అనే ఆత్మీయులు పంచుకుంటారు. ఒకే బిల్లు, ఒకే చెక్కు కావాలని పట్టుబడితే వాళ్ళు ఇంకో హాలుకు పోతారు. బిల్లును ఆరుగురి పేర్ల మీద విడగొట్టి, ఆరు రసీదులు ఇవ్వగల ఏర్పాటు చేసుకోండి. ఎన్ని తోరణాలు కట్టినా ఆ ఏర్పాటుకు సాటిరావు.

8. మొదటి ఏడాది లాభం లెక్కపెట్టకండి

మూడు నెలలకు అమ్మకాల పట్టిక చూసి 'స్పానిష్ వల్ల ఏమీ రాలేదు' అని ఎత్తేసేవాళ్ళే ఎక్కువ. అమ్మకం ఆఖరున కదిలే అంకె. ముందు కదిలే అంకెలు వేరే ఉన్నాయి. ఎత్తకుండా పోయిన స్పానిష్ ఫోన్లు ఎన్ని? మధ్యలో పెట్టేసినవి ఎన్ని? తప్పిన అపాయింట్‌మెంట్లు తగ్గాయా? ఫిర్యాదులు పెరిగాయా? చివరి ప్రశ్నకు 'పెరిగాయి' అన్న జవాబు వస్తే కంగారుపడకండి. ఇంతకాలం నోరు మూసుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఇప్పుడు వెనక్కి వచ్చి చెబుతున్నారన్నమాట. ఫిర్యాదు చెప్పడానికి వచ్చిన మనిషి మిమ్మల్ని ఇంకా వదులుకోలేదు.

ఆ ఫిర్యాదులు వరసగా రాసుకుంటే భాషకు సంబంధం లేని అడ్డంకులు బయటపడతాయి. 2001లో వెల్స్ ఫార్గో బ్యాంకు, మెక్సికో కాన్సులేట్లు తమ పౌరులకు ఇచ్చే గుర్తింపు కార్డు చూపించినా ఖాతా తెరవనివ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు కౌంటరులో ఎంత తియ్యగా స్పానిష్ మాట్లాడినా, చేతిలో చెల్లే గుర్తింపు కాగితం లేనివాడు ఖాతా లేకుండానే వెనుదిరిగేవాడు. అక్కడ తలుపు తెరిచింది మారిన నియమం. మీ వ్యాపారంలోనూ అలాంటి నియమం ఒకటి ఉండి తీరుతుంది. క్రెడిట్ కార్డు ఉంటే తప్ప బుకింగ్ లేదనడమో, ఆదివారం రిపేరు కౌంటరు మూసేయడమో, రసీదు ఈమెయిలుకే పంపడమో. దాన్ని వెతికి మార్చండి.

ఇవన్నీ ఒక్క రోజులో కావు, ఒక్కొక్కటీ డబ్బు ఖర్చు పెట్టిస్తుంది. కానీ చిన్న వ్యాపారం పెరిగేది మనుషులు తమవాళ్ళను వెంటబెట్టుకు వస్తేనే. తేడా వచ్చిన రోజున తన భాషలో విని, న్యాయం చేసి పంపిన కొట్టు గురించి మనిషి ఇంట్లో చెబుతాడు, పనిచోట చెబుతాడు, చర్చిలో చెబుతాడు. ఈ వారంలో మీ దగ్గర స్పానిష్‌లో వచ్చిన చివరి ఫిర్యాదు ఏమిటో, అది ఎలా ముగిసిందో కనుక్కోండి. మీ దగ్గర ఎవరికీ తెలియదంటే పని అక్కడి నుంచే మొదలుపెట్టండి.